రిపేర్ల వారం

మా మేడలో ఆవిడని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ క్యాలెండరమ్మ. నేను అక్కడ కరెంటు పనివాణ్ణి. నన్ను మామూలుగా ‘కరెంటూ’ అనేది, కోపం వస్తే ‘తమ్ముడూ’ అనేది. లోకంలో ఇది తిరగేసి ఉంటుందని చెప్పి చూశాను. వినలేదు.

సముద్రం ఒడ్డున నాలుగంతస్తుల మేడ మాది, ఇరవై నాలుగు ఫ్లాట్లు. ఒక్కో ఫ్లాటుకి యాభై ఇద్దరు యజమానులు. నవ్వకండి, నిజమే. ఏడాదికి యాభై రెండు వారాలు కదా, మనిషికొక వారం చొప్పున అమ్మారు. టైంషేర్ అంటారు దీన్ని. శనివారం వచ్చి తాళం తీసుకుని, మళ్ళీ శనివారం పొద్దున్నే ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. ఏటా అదే ఫ్లాటు, అదే వారం. మిగతా యాభై ఒక్క వారాలూ ఆ గది గుర్తొచ్చినప్పుడల్లా ‘మాది’ అనుకోవచ్చు. అమ్మింది అసలు ఆ మాటే అని నా అనుమానం.

క్యాలెండరమ్మ దుప్పట్లు మడతపెట్టే పనికి వచ్చింది, ఇరవై ఆరేళ్ళ వయసులో. రెండేళ్ళకి కింద డెస్కులో కూర్చోబెట్టారు, ఎందుకంటే ఎవరి వారం ఎప్పుడో రిజిస్టరు తెరవకుండా చెప్పేసేది. మనుషులని కూడా వారాలతోనే గుర్తుపెట్టుకునేది. “పదిహేడో వారం కూతురు ఈసారి డిగ్రీ పాసయిందట” అనేది. ఇంట్లో భర్త గడియారాలు బాగుచేస్తాడు, బస్టాండు పక్కన చిన్న బడ్డీ. మొగుడికి గంటలు, పెళ్ళానికి వారాలు, ఆ ఇంట్లో మిగిలింది నిమిషాలే అని నేను ఏడిపించేవాణ్ణి. అందరూ ఫోన్లో టైము చూసుకోవడం మొదలయ్యాక ఆ బడ్డీకి జనం రావడం మానేశారు. ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత నేనే మర్చిపోయాను.

మొదట్లో మా అమ్మకం వాళ్ళు ఎవరిని పడితే వాళ్ళని పట్టుకొచ్చేవారు. బజార్లో నడిచే మొగుడూ పెళ్ళాల్ని ఆపి, ఊరికే ఇస్త్రీపెట్టె ఇస్తాం గంటసేపు కూర్చోండి అనేవారు. అలా కూర్చుని కొన్నవాళ్ళే మా యజమానులు. టైలర్లు, బడి పంతుళ్ళు, బస్సు డ్రైవర్లు, నర్సులు. ఆ గంట నాలుగు గంటలయ్యేదనుకోండి. కానీ కొన్నాక మాత్రం మురిసిపోయి వచ్చేవారు, ఇంటి నుంచి సొంత దిండ్లు కూడా తెచ్చుకునేవారు.

మూడేళ్ళ కిందట కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్ళకి చిన్న ఫ్లాట్లు, చిన్న మనుషులు పనికిరారు. రెండు ఫ్లాట్ల మధ్య గోడ కొట్టి ఒక్క పెద్ద సూట్ చేయడం, దాన్ని పెద్ద కార్ల వాళ్ళకి అమ్మడం, ఇదీ పద్ధతి. ఇప్పుడు అమ్మకాల గదిలో కూర్చోవాలంటే ముందు ఫారం నింపాలి. ఆదాయం గడి చూశాకే కాఫీ కావాలా అని అడుగుతారు. ఇస్త్రీపెట్టె కోసం వచ్చిన పాతకాలం జంటని గార్డు గేటు దగ్గరే తిప్పి పంపడం నా కళ్ళారా చూశాను. పై మూడంతస్తులూ అలా మారిపోయాయి. కింద ఆరు ఫ్లాట్లు మిగిలాయి. అందులో ముందు అయిదో నంబరు ఫ్లాటు ఖాళీ చేయించేశారు. ఆరో నంబరులో ఒక్కరంటే ఒక్కరు మిగిలారు, ముప్ఫై ఒకటో వారం. ఆ ఒక్క వారం ఉన్నంతకాలం అయిదుకీ ఆరుకీ మధ్య గోడ మీద సుత్తి పడటానికి వీల్లేదు.

ఆ ముప్ఫై ఒకటో వారం ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. డిపోలో అందరూ స్టీరింగు బాబాయ్ అంటారు, మేమూ అలాగే అనేవాళ్ళం. భార్య, ఇద్దరు కూతుళ్ళు, అల్లుళ్ళు, పిల్లలు, అందరూ ఆ ఇరుకు ఫ్లాటులోనే సర్దుకునేవారు. ఆ వారం తిరిగి అమ్మేయమని ఎన్నిసార్లు అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా, “మాకు ఇంతకంటే మంచి వారం ఎక్కడ దొరుకుతుందండీ” అని నవ్వేసేవాడు.

కొత్త కంపెనీ కాగితాల్లో ఒక రూలుంది. వచ్చే వీల్లేకపోతే యాప్‌లో ముందుగా చెప్పాలి. లేదా మొదటి శనివారం సాయంత్రం ఆరులోగా వచ్చి తాళం తీసుకోవాలి. రెండేళ్ళు వరసగా ఈ రెండూ చేయకపోతే ఆ వారం కంపెనీదే. కిందటేడు బాబాయ్ రాలేదు. భార్యకి తుంటి ఆపరేషన్. రావట్లేదని ఉత్తరం రాశాడు, అది క్యాలెండరమ్మే అందుకుని ఫైల్లో పెట్టింది. ఉత్తరం లెక్కలోకి రాదన్నాడు మేనేజరు. అంటే ఈ ఏడు కూడా రాకపోతే బాబాయ్ వారం పోయినట్టే.

ఇక్కడే అసలు మెలిక ఉంది. శనివారాలు లెక్కపెడుతూ పోతే అయిదారేళ్ళకోసారి యాభై రెండు పోగా ఒక శనివారం మిగిలిపోతుంది. ఆ మిగిలిన వారాన్ని ఎవరికీ అమ్మలేదు. ఏడాది మొదట్లో మేడ మూసేసి, ఆ ఏడు రోజులూ రిపేర్లు చేసి, ఆ తర్వాతే ఒకటో వారం మొదలుపెట్టేవాళ్ళం. రిపేర్ల వారం అనేవాళ్ళం దాన్ని. నా నడుం విరిగేది ఆ వారంలోనే. పాత యజమానులందరికీ ఈ సంగతి కంఠతా వచ్చు. ఆ ఏడు ఇంట్లో వేళ్ళు మడిచి, ఒక వారం వదిలేసి లెక్కపెట్టుకునేవారు.

ఈ ఏడు ఆ శనివారం వచ్చింది. కొత్త కంపెనీ మేడ మూయలేదు. ఆ వారాన్నే ఒకటో వారం చేసేసింది. దాంతో అందరి వారాలూ ఒక వారం ముందే వచ్చేలా జరిగిపోయాయి. యాప్‌లో పెట్టారు, సరే. వేళ్ళు మడిచేవాళ్ళు యాప్ చూస్తారా? ఒక నర్సూ ఆమె చెల్లెలూ తొమ్మిదో వారం అనుకుని పదో వారంలో దిగారు, పెట్టెలతో సహా. కిందటేడు కూడా రాలేకపోయారు వాళ్ళు. వారం రద్దయిందన్న కాగితం కవర్లో పెట్టి చేతికిచ్చి పంపేశాడు మేనేజరు. ఆ అక్కాచెల్లెళ్ళు గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, “ఒక్కసారి సముద్రం వైపు కిటికీ దగ్గర నిలబడి వెళ్తాం” అని అడిగారు. కుదరదన్నాడు.

ఆ రోజు క్యాలెండరమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మీటర్ల గదిలో నా దగ్గరకొచ్చి కూర్చుంది.

“ఆ సలహా నాదే, తమ్ముడూ” అంది.

“ఏ సలహా?”

“కొత్త మేనేజరు వచ్చిన మొదటి మీటింగులో. పాతవాళ్ళని తీసేస్తారని అందరం వణుకుతున్నామా, నేను పనికొస్తానని చూపించుకోవాలని నోరు జారాను. ‘రిపేర్ల వారం ఊరికే పోతోంది సార్, దాన్ని కలిపేసుకోవచ్చు’ అన్నాను. ఆయన నోట్ చేసుకున్నాడు. శభాష్ అన్నాడు.”

 ఆ శభాష్‌ని ఉమ్మేసినట్టు అంది.

ఇక ఆ శనివారం. కొత్త లెక్కలో ముప్ఫై ఒకటో వారం మొదలయ్యే రోజు. బాబాయ్ లెక్కలో మాత్రం వచ్చే శనివారం. గోడ కొట్టే మేస్త్రీలకి సోమవారం రమ్మని కబురెళ్ళిపోయింది. అయిదో నంబరు ఫ్లాటు నిండా సిమెంటు బస్తాలు. మేనేజరు పొద్దున్నే వచ్చి డెస్కు మీద ఒక కాగితం పెట్టాడు. ఫలానా వారం రద్దయినట్టు, సాయంత్రం ఆరు తర్వాత క్యాలెండరమ్మ సంతకం పెట్టాలి.

“పాత యజమానులకి మనం ఫోన్లు చేయం మేడమ్. గుర్తుందిగా? డెస్కు ఫోన్లన్నీ రికార్డవుతాయి” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆయన ఎప్పుడూ మర్యాదగానే అంటాడు, అదే నాకు ఒళ్ళుమంట. “కొత్త బ్లాకు డెస్కుకి పాతవాళ్ళలో మీ ఒక్కరి పేరే రాశాను” అని కూడా అన్నాడు.

అన్నాళ్ళూ ఉద్యోగం పోతుందన్న భయంతో ఊరుకున్న ఆవిడ, పది గంటలకి మీటర్ల గదిలోకి వచ్చి తలుపేసింది. సొంత ఫోన్లోంచి బాబాయ్ ఇంటికి చేసింది. ఆ నంబరు ఇప్పుడు వాడకంలో లేదంది అటువైపు యంత్రం. రిజిస్టర్లో ఉన్న ఇంకో నంబరు పెద్దకూతురిది, అది ఎవరో కూరగాయలాయన ఎత్తాడు.

“నేను స్కూటరు మీద వెళ్ళొస్తా అక్కా.”

“మూడు గంటల దారి. వెళ్ళి వెతికి తెచ్చేసరికి ఏడవుతుంది.” ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “డ్రైవరు కదా. డిపోకి చేస్తే?”

డిపో విచారణ కౌంటరులో ఒకమ్మాయి ఎత్తింది. క్యాలెండరమ్మ ఒక్క గుక్కలో చెప్పేసింది.

“స్టీరింగు బాబాయా? రోజూ క్యాంటీన్లో ఇక్కడే ఉంటాడండీ. ఇవాళ లేడు. చిన్నకూతురి ఇంటికెళ్ళాడు, గేటుకి రంగు వేయాలట. అక్కడ ఫోను మోగుతూనే ఉంటుంది కానీ ఎవరూ ఎత్తరు.”

“ఎలాగైనా చెప్పాలమ్మా. ఆరులోగా ఇక్కడ ఉండాలి. ఆయన ఇంటివాళ్ళ వారం పోతుంది.”

“మా వాళ్ళు చెప్తార్లెండి” అని పెట్టేసింది.

తర్వాత తెలిసింది ఆ ‘మా వాళ్ళు’ అంటే ఏమిటో. బస్సు డ్రైవర్లకి ఒక పద్ధతుంది. ఎదురుగా వచ్చే బస్సు కనబడగానే ఇద్దరూ నెమ్మది చేసి, కిటికీలోంచి ఒక్క ముక్క అరిచి వెళ్ళిపోతారు. ముందు రోడ్డు తవ్వారనో, చెకింగ్ ఉందనో. ఆ రోజు ఆ కబురు డిపోలోంచి బయల్దేరి అలా ఒక బస్సు నుంచి ఇంకో బస్సుకి దూకుతూ పోయింది. కానీ అప్పుడు మాకేం తెలుసు? కబురు వెళ్ళిందో, దారిలో ఎక్కడ పడిపోయిందో. రెండయింది. మూడయింది. మళ్ళీ డిపోకి చేస్తే కౌంటరులో మనిషి మారిపోయాడు, ఏం బాబాయ్, ఏం వారం అన్నాడు.

నేను నాలుగు నుంచీ డెస్కు పైన లైటు విప్పుతూ కూర్చున్నాను. దానికేం జబ్బు లేదు. విప్పడం, బిగించడం. క్యాలెండరమ్మ పెద్ద కార్లలో దిగినవాళ్ళకి నవ్వుతూ తాళాలిస్తోంది. ఒకాయన సముద్రం ఇంకొంచెం దగ్గరగా ఉండే సూట్ లేదా అని అడిగాడు. ఆవిడ లేదండీ అంటూ గేటు వైపు చూసింది. అయిదున్నరకి మేనేజరు వచ్చి డెస్కు పక్కనే నిలబడ్డాడు, జేబులోంచి పెన్ను తీసి ఆ కాగితం మీద పెట్టాడు. నేను నిచ్చెన మీద, బిగించిన లైటే మళ్ళీ విప్పాను.

ఆరుకి పద్నాలుగు నిమిషాలుందనగా మా సందులో హారన్ మోగింది. చిన్నా చితకా హారన్ కాదు. మా సందులోకి బస్సులు రావు, రావడానికి వీల్లేదు కూడా. నిండా జనంతో ఉన్న రూటు బస్సు ఒకటి మా గేటుకి అడ్డంగా వచ్చి ఆగింది. కిటికీలన్నింట్లోంచీ తలలు బయటికొచ్చాయి. వెనక పెద్ద కారు ఒకటి ఇరుక్కుపోయి మొత్తుకుంటోంది. మెట్టు మీంచి బాబాయ్ దిగాడు. ఇంట్లో తొడుక్కునే చెప్పులు, పాత బనీను, మోచేతుల దాకా నీలం రంగు. ఆయాసపడుతూ లోపలికొచ్చాడు.

“అమ్మాయ్, వారం లెక్క తప్పానట. మా వాళ్ళు బ్రష్షు కూడా కడుక్కోనివ్వలేదు.”

“తప్పు మీది కాదు బాబాయ్ గారూ. ముందు సంతకం పెట్టండి” అంది ఆవిడ, రిజిస్టరు తిప్పి.

మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. “సభ్యత్వం కార్డు చూపించండి సార్.”

బాబాయ్ బనీను తడుముకున్నాడు, జేబుంటే కదా. కార్డు ఊళ్ళో, బీరువాలో ఉంది. “వీళ్ళందరూ నన్ను పద్దెనిమిదేళ్ళ నుంచీ ఎరుగుదురండీ” అన్నాడు దీనంగా. ఆ మాట నాకు గుచ్చుకుంది.

“నేను ఎరగను కదా సార్. రూలు రూలే. కార్డుతో ఆరులోగా వస్తే తప్పకుండా ఇస్తాం.” గోడ గడియారం చూశాడు. తొమ్మిది నిమిషాలుంది.

నేను నిచ్చెన దిగిపోయాను. ఏదో ఒకటి అనేద్దామని దిగాను, దిగి నిచ్చెన మడతపెట్టి పక్కన పెట్టాను. జీతం అనే తాడు నాక్కూడా మెడ చుట్టూ ఉంది.

క్యాలెండరమ్మ డెస్కు కింది సొరుగు లాగి రూళ్ళ పుస్తకం తీసింది. పేజీ వెతకలేదు. చదవను కూడా లేదు, చూడకుండా చెప్పింది.

“కార్డు లేని యజమానిని డెస్కు ఉద్యోగి స్వయంగా ఎరిగి ఉంటే, ఆ సంగతి రాసి, తన పేరూ హోదా వేసి సంతకం చేస్తే తాళం ఇవ్వవచ్చు. ఇరవై రెండో రూలు సార్. మీరు తీసేయలేదు.”

మేనేజరు పుస్తకం తీసుకుని చదివాడు. రెండోసారి చదివాడు. “సంతకం పెట్టేముందు ఆలోచించుకోండి మేడమ్” అన్నాడు మెల్లగా. “ఈయనకి ఎవరు చెప్పారు ఇవాళే రమ్మని?”

“నేనే సార్.”

అలా అంటూనే రాసింది. ఈయనని పద్దెనిమిదేళ్ళుగా నేను ఎరుగుదును. కింద పూర్తి పేరు. ఆ పేరు నేను అక్షరాల్లో చూడటం అదే మొదటిసారి. బాబాయ్ దాని పక్కన సంతకం పెట్టాడు, కాగితం నిండా నీలం వేలిముద్రలు పడ్డాయి. ఆరుకి నాలుగు నిమిషాలుండగా తాళం ఆయన చేతిలో పెట్టింది. బయట బస్సు ఇంకా వెళ్ళలేదు. కండక్టరు మెట్టు మీంచి వేలాడుతూ ఏమయిందని చేత్తో అడిగాడు, బాబాయ్ తాళం పైకెత్తి చూపించాడు. బస్సంతా ఈలలు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

సోమవారం మేస్త్రీలు వచ్చి ఉసూరుమంటూ తిరిగి వెళ్ళిపోయారు. క్యాలెండరమ్మని పంపేస్తారని అందరం చేతులు పిసుక్కుంటున్నాం. మేనేజరు అరవలేదు. పిలిచి కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఒక జాబితా చేతిలో పెట్టాడు. కింద ఒకటి నుంచి నాలుగో నంబరు దాకా ఉన్న ఫ్లాట్లలో ఈ ఏడు ఇంకా వారం రావలసిన నలభై మూడు మంది పేర్లు.

“మీరు కబురు చేస్తే జనం బస్సులు తిప్పుకుని వస్తున్నారు మేడమ్. మీ మాట మీద అంత నమ్మకం. వీళ్ళందరికీ మీరే ఫోన్ చేసి, వారాలు వదులుకోమని నచ్చజెప్పండి. అది చేస్తే శనివారం సంగతి నేను మర్చిపోతాను. కొత్త డెస్కు మీకు ఖాయం.”

“సరే సార్” అందట ఆవిడ.

ఆ మాట విని నాకు తల కొట్టేసినట్టయింది. సంతకం పెట్టిన మనిషేనా ఈవిడ అనుకున్నాను. రెండు రోజులు పలకరించలేదు. మధ్యాహ్నం డబ్బా తీసుకుని నా గది వైపు వస్తే తాళమేసి వెళ్ళిపోయాను. గడియారాల బడ్డీ సంగతి, ఇంటి సంగతి అన్నీ తెలిసి కూడా, లోలోపల ‘అమ్ముడుపోయింది’ అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో రోజు ఫోన్ల గదిలో వైరు వదులైందని నన్ను పిలిచారు. అద్దాల గది. ఆవిడ చెవులకి యంత్రం తగిలించుకుని మాట్లాడుతోంది. నేను బల్ల కింద దూరాను.

“నమస్కారమండీ, నేను క్యాలెండరమ్మని. అవునండీ, నేనే. రాసుకోండి. ఈ ఏడు రిపేర్ల వారం లేదు. మీ నలభై నాలుగో వారం ఒక వారం ముందే వస్తోంది.” తేదీ చెప్పింది. రెండుసార్లు చెప్పింది. “మొదటిరోజు ఆరులోపు రండి. కార్డు తెచ్చుకోండి. రాలేకపోతే మీ పిల్లలచేత యాప్‌లో పెట్టించండి, ఉత్తరం రాయకండి. వదులుకోమంటే ఏం చేయాలా? అది మీ ఇష్టమండీ. వారం మీది.”

పెట్టేసి జాబితాలో ఒక గీత గీసింది. గీతలు నలభై ఉన్నాయి. తలొంచి బల్ల కింద నన్ను చూసింది.

“ప్రతి ముక్కా రికార్డవుతోంది కదా అక్కా?” అన్నాను గుసగుసగా.

“అవనీ. వినేసరికి అయిపోవాలి. ఇంకా ముగ్గురున్నారు. నువ్వు ఆ వైరు కొంచెం నెమ్మదిగా బిగించు, ఎవరూ లోపలికి రారు.”

నెమ్మదిగా బిగించాను. ఇంకొకరు అయ్యారు. రెండో మనిషికి ఫోన్ మోగుతుండగా తలుపు తెరుచుకుంది. మేనేజరు, ఆయన వెనక రికార్డింగులు వినే కుర్రాయన, చేతులు కట్టుకుని. మేనేజరే ఆవిడ చెవుల మీంచి యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు, జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా గార్డుని తోడిచ్చి పంపించాడు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం, సంచీ సర్దుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను పనిముట్లు అక్కడే పడేసి వెనకాలే పరుగెత్తాను.

గేటు బయట ఎర్రటి ఎండ, ఆవిడ ఎదురుగోడ నీడలో నిలబడి ఉంది. ఏడుస్తుందేమో, ఏం చెప్పి ఓదార్చాలా అనుకుంటూ దగ్గరికెళ్ళాను. ఆవిడ సొంత ఫోన్ తీసి నొక్కుతోంది. జాబితా పోతే ఆవిడకేం? మిగిలిన ఇద్దరి నంబర్లూ నోటికే వచ్చు. మొదటావిడకి తేదీ చెప్పేసింది. రెండో ఆయనకి కొంచెం చెవుడు, ఫోన్ స్పీకరులో పెట్టి గట్టిగా చెప్పింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

“రాసుకున్నానమ్మా” అన్నాడాయన. “ఏమిటా రొద? డెస్కు దగ్గర్నుంచేనా మాట్లాడుతున్నావు?”

“కాదండీ, రోడ్డు మీంచి. నా ఉద్యోగం ఇప్పుడే పోయింది. మీరు మాత్రం ఆరులోపు రండి.”